అమీర్‌పేటలో ఆర్‌ఎస్‌ఓ కోచింగ్: పాఠానికి నాలుగు స్టార్లు, బోర్డుకు ఒకటి

ఎక్స్‌రే, సీటీ సెంటర్లలో పనిచేసేవాళ్ల కోసం అమీర్‌పేటలో నడుస్తున్న ఒక వీకెండ్ బ్యాచ్ గురించి ఇది. పేరు రాయను. బయట "ఆర్‌ఎస్‌ఓ సర్టిఫికెట్ గ్యారంటీ" అని పెద్ద బోర్డు ఉంది, అది చూసి మాత్రం డబ్బులు కట్టొద్దు. ఆర్‌ఎస్‌ఓ, అంటే సెంటర్లో రేడియేషన్ భద్రత చూసుకునే రేడియలాజికల్ సేఫ్టీ ఆఫీసర్, అనేది కోచింగ్ సెంటర్ ఇచ్చే హోదా కాదు. 2004 నాటి రేడియేషన్ రక్షణ నియమాల ప్రకారం మనల్ని ఆ బాధ్యతలో పెట్టాల్సింది యజమాని, ఆమోదించాల్సింది ముంబైలోని ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి), అదీ దాని ఆన్‌లైన్ అనుమతుల పోర్టల్ ఎలోరాలో మన సెంటర్ తరఫున దరఖాస్తు వెళ్తేనే. కౌంటర్లో అడిగితే "అవన్నీ సార్ చెప్తారండి" అన్నారు. సార్ మొదటి క్లాసులోనే ఈ కాగితం చాలదని చెప్పేశారు, ఫీజు అప్పటికే కట్టేశాం!

కానీ ఆయన పాఠం మాత్రం అద్దిరిపోయింది. ఐసీయూలో మొబైల్ ఎక్స్‌రే తీసేటప్పుడు ఒక మీటరు దూరంలో ఉన్నవాళ్లు రెండు మీటర్లకు జరిగితే వాళ్ల ఒంటికి తగిలే రేడియేషన్ డోసు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుందని లెక్క వేయించి, మరి ఎక్స్‌రే స్విచ్ తీగ అంత పొడుగు ఎందుకిచ్చారనుకున్నారు అని అడిగారు. మన ఒంటికి తగిలిన డోసును నమోదు చేసే టీఎల్‌డీ బ్యాడ్జిని సీసపు ఏప్రాన్ లోపల, ఛాతీ దగ్గర పెట్టుకోవాలి. మా దగ్గర సగం మంది డ్యూటీ అయ్యాక ఏప్రాన్‌తో పాటే ఎక్స్‌రే గదిలో వేలాడదీసి పోతారు, ఇక అందులో నమోదయ్యేది మన డోసా, గది డోసా? మనలాంటి సిబ్బందికి డోసు పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (డోసును కొలిచే యూనిట్), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. పాత పరికరాలకు రికార్డు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి 2010లో ఢిల్లీలోని మాయాపురిలో జరిగిన సంగతి ఎత్తారు: ఢిల్లీ యూనివర్సిటీ వేలంలో అమ్మేసిన పాత గామా సెల్ అనే రేడియేషన్ పరికరంలోని రేడియోధార్మిక కోబాల్ట్-60 తుక్కు దుకాణాలకు చేరి ఒక కార్మికుడు చనిపోయాడు. క్లాసులో ఎవరూ ఫోను ముట్టలేదు.

ప్రాక్టికల్ మాత్రం సున్నా. గదిలో రేడియేషన్ కొలిచే సర్వే మీటర్‌ను ఫొటోలో చూపించారు, ఇంత ఫీజు తీసుకుని ఒక్కటి కొనలేరా? అన్నిటికన్నా కోపం తెప్పించింది ఏంటంటే, క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియోథెరపీ ఆర్‌ఎస్‌ఓ అవుదామనుకున్న బీఎస్సీ పిల్లల్ని కూడా చేర్చుకున్నారు. దానికి మెడికల్ ఫిజిక్స్‌లో పీజీ స్థాయి చదువు, ఇంటర్న్‌షిప్ కావాలి, వీకెండ్ క్లాసుతో అయ్యే పని కాదు.

ఇప్పటికే సెంటర్లో పనిచేస్తూ, యజమాని మీ పేరు పంపడానికి సిద్ధంగా ఉంటే చేరండి. బైక్‌కి చోటు దొరకదు, మెట్రోలో వెళ్లండి.