అరుణాచలంలో తెలుగు బోర్డులు: ఎక్కడ పనికొచ్చాయి, ఎక్కడ కాదు

తమిళం రాకుండా అరుణాచలంలో, అదే తమిళనాడులోని తిరువణ్ణామలైలో, ఎలాగా అని మా అత్తయ్య బయల్దేరే ముందు నుంచీ ఒకటే టెన్షన్. గుడి చుట్టుపక్కల వీధుల్లోకి రాగానే ఆ బెంగ తీరిపోయింది. ‘రూములు కలవు’, ‘ఆంధ్రా భోజనం’, ‘పూజా సామగ్రి’, ఎటు చూసినా తెలుగే. చాగంటి వారి ప్రవచనాల తర్వాత మనవాళ్ల రాక బాగా పెరిగిందని అందరూ అనుకునేదే, వ్యాపారులు ఊరుకుంటారా! తమిళనాడు నిబంధన ప్రకారం దుకాణం బోర్డు మీద తమిళం ముందు, పెద్దగా ఉండాలి. తర్వాత ఇంగ్లీషు, ఆపైన మిగతా భాషలు. కొన్నిచోట్ల మాత్రం తెలుగు ఫ్లెక్సీ వెనకాల తమిళం ఎక్కడుందో వెతుక్కోవాలి.

అలాంటి ఒక బోర్డు చూసే లాడ్జిలో దిగాం. అడ్వాన్సు కట్టేదాకా రిసెప్షన్‌లో చక్కటి తెలుగు. పొద్దున ట్యాపు తిప్పితే చన్నీళ్లే. మెట్ల మలుపులో అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో తమిళంలో ఏదో రాసి ఉంది. రూమ్ బాయ్‌ని చదవమంటే అప్పుడు తెలిసింది, వేడినీళ్లు అయిదు నుంచి ఆరింటి దాకానేనట. బయట బోర్డు మీదేమో ‘24 గంటలు వేడినీళ్లు’ అని ఎర్రక్షరాల తెలుగు. పౌర్ణమికి అద్దె వేరన్న సంగతి ఏ భాషలోనూ రాయలేదు, అది బిల్లు చేతికొచ్చాకే తెలుస్తుంది. రూము శుభ్రంగానే ఉంది, గుడికి నడిచి వెళ్లొచ్చు. అయినా మళ్లీ అక్కడ దిగను.

భోజనమూ అంతే. ‘ఆంధ్రా మీల్స్’ అన్నచోట పప్పు సాంబారుకు తమ్ముడిలా ఉంది, గోంగూర సీసాలోది. మర్నాడు తమిళ బోర్డు మాత్రమే ఉన్న చిన్న మెస్‌లో అరిటాకు వేసి వత్తకుళంబు (ఎండు వరుగులతో చేసే తమిళుల పులుసు), రసం, అప్పడం పెట్టారు. అడక్కుండానే మారు వడ్డించారు. అత్తయ్య ఆ రసం రెండుసార్లు పోయించుకుంది.

గిరి ప్రదక్షిణ దారిలో మాత్రం తెలుగు నిజంగా అక్కరకొస్తుంది. 14 కిలోమీటర్లు, చెప్పుల్లేని నడక, అందులోనూ చాలామంది రాత్రిపూట. ఇంద్ర, అగ్ని, యమ, నైరుతి, వరుణ, వాయు, కుబేర, ఈశాన్య లింగాల్లో ఎక్కడున్నామో పేరు చదివి తెలుసుకుంటే కాళ్లకు కాస్త ధైర్యం. కాళ్లు మొరాయిస్తే ఆటో ఉంది కానీ, ‘గిరి ప్రదక్షిణ’ అని తెలుగు స్టిక్కర్ ఉన్నవాడే మాకు అందరికంటే ఎక్కువ రేటు చెప్పాడు. ఎక్కకముందే రేటు మాట్లాడుకోండి.

తెలుగు ఈ ఊరికి ఫ్లెక్సీలతో వచ్చిందేమీ కాదు. పదకొండు అంతస్తుల రాజగోపురం కృష్ణదేవరాయలు మొదలుపెట్టించిందే. రమణ మహర్షి ఏకాత్మ పంచకం అనే అయిదు పద్యాల రచనను 1947లో ముందు తెలుగులోనే రాశారు. రమణాశ్రమం పుస్తకాల షాపులో తెలుగు పుస్తకాలు దొరుకుతాయి. ఆశ్రమంలో ఉండాలంటే చాలా ముందుగా రాసి అడగాలి. నిశ్శబ్దం కావాలనుకునేవాళ్లకు నా ఓటు అక్కడికే.

తిరుమలలో తెలుగుతో పాటు తమిళం, కన్నడం, హిందీ, ఇంగ్లీషు బోర్డులు కనిపిస్తాయి, అవీ క్యూ లైన్ల దగ్గర, లడ్డూ కౌంటర్ల దగ్గర. మనిషి తికమకపడేది అక్కడే కదా. అరుణాచలం వీధుల్లో తెలుగు ఎక్కువగా కనిపించేది డబ్బు తీసుకునే చోట. అద్దె ఎంత, రూము ఎన్నింటికి ఖాళీ చేయాలి, ఆటోకి ఎంత, ఇవి తెలుగులో రాసిపెట్టిన చోటు నాకు పెద్దగా తగల్లేదు.

వేలూరు మీదుగా వెళ్లేవాళ్లకు ఒక మాట. తమిళనాడు ప్రభుత్వ బస్సుల మీద ఊరి పేరు చాలావరకు తమిళంలోనే ఉంటుంది. వాళ్ల ఊళ్లో వాళ్ల జనం ఎక్కే బస్సు, అందులో తప్పేం లేదు. తిరువణ్ణామలై పేరు తమిళ అక్షరాల్లో ఫోన్‌లో ఫొటోగా పెట్టుకుని, బస్సు బోర్డుతో పోల్చి చూసుకోండి. కండక్టర్‌ని అడిగేటప్పుడూ అరుణాచలం అనకుండా ఆ పేరే చెప్పండి.