జాగ్రత్త: స్టేటస్‌లో చూసి సెకండ్ హ్యాండ్ బైనాక్యులర్ కొనేవాళ్లు ముందు ఇది చదవండి

ఫ్రెండ్స్, ఈ చలికాలం పక్షులు చూసేదానికి పులికాట్ సరస్సు, నేలపట్టు పోదామని బైనాక్యులర్ వెతుకుతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. అనంతపురం నుంచి కెమెరాలు, లెన్సులు, ట్రైపాడ్లు స్టేటస్‌లో పెట్టి అమ్మే ఆయన ఉన్నాడు కదా, ఆయన గురించే. పేరు రాయను, రాయాల్సిన పని కూడా లేదు, కడప, కర్నూలు, అనంతపురంలో కెమెరా పట్టినోళ్లందరి ఫోన్లలో ఆయన నంబర్ ఉంటుంది. "జెన్యూన్ పీస్ అన్నా, కళ్లు మూసుకుని తీసుకో" అంటాడే, ఆ మనిషి. కళ్లు మూసుకునే తీసుకున్నాలే.

కథ పెద్దగా ఏం లేదు. పేరున్న కంపెనీది 8×42, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది అన్నాడు. ఎవరో ఆఫీసర్ ట్రాన్స్‌ఫర్ అయిపోతా ఇచ్చేసి పోయినాడంట, కొత్తది ఎనిమిది వేలంట, మనం మనం కాబట్టి నాలుగున్నరకే అంట. ఫోన్‌పే కొట్టినా, ఆర్టీసీ కార్గోలో పార్శిల్ వచ్చింది, పొద్దుగూకే టైంలో మిద్దె మీదకి పోయి పక్క వీధి వాటర్ ట్యాంక్ చూసినా, పెద్దగా కనపడింది, బ్యాగులో పెట్టేసినా. ఎదురుగా అంత పెద్ద పాలకొండలు పెట్టుకుని ట్యాంక్ చూసి టెస్టింగ్ అయిపోయిందనుకున్న మహానుభావుణ్ణి.

ఆదివారం చీకటితోనే కడప నుంచి బయల్దేరి రాజంపేట, రేణిగుంట, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీద సూళ్లూరుపేట చేరినాం, నేను, మా ఆవిడ, పాప, మా బామ్మర్ది. అక్కడి నుంచి శ్రీహరికోట రోడ్డు ఎక్కితే రెండు పక్కలా పులికాటే. ఉప్పునీళ్లు, మంచినీళ్లు కలిసే సరస్సుల్లో మన దేశంలో చిలికా తర్వాత ఇదే పెద్దది. పోనోళ్లకు చెప్తున్నా, ఫ్లెమింగోలు రోడ్డు పక్కకొచ్చి ఫోజులివ్వవు, తక్కువ లోతు ఉండే బురద నీళ్లలో మనిషి అలికిడి లేనంత దూరంగా నిలబడతాయి, వానలు బాగా పడి రోడ్డు పక్క నీళ్లు లోతుగా ఉంటే ఇంకా దూరం జరుగుతాయి. ఉత్త కంటికి నీళ్ల మీద లేత గులాబీ గీత, అంతే. అందుకే కదా నాలుగున్నర వేలు పోసింది.

తీసి కంటికి పెట్టుకున్నా. గీత కాస్తా రెండు గీతలైంది. ఫోకస్ తిప్పితే రెండూ క్లియర్ అయినాయి గానీ ఒకటి కాలా, ఒక పక్షి పక్కనే కొంచెం పైన ఇంకో పక్షి, దాని దయ్యం లాగా. పోనీ రంగన్నా ఉందా అంటే అదీ లేదు, గులాబీ పక్షులు ఆకుపచ్చ నీడ పడి రోగమొచ్చినట్టు కనపడినాయి. పాపకిస్తే అర నిమిషం చూసి "నాన్నా తల నొప్పి" అని తిరిగి ఇచ్చేసింది. ఒక కన్ను మూస్తే మాత్రం ఒకటే కనపడతుంది, అంటే రెండు గొట్టాల దుర్భిణి కొని ఒంటికన్నుతో చూడాల్నన్నమాట.

అక్కడ మద్రాసు నుంచి వచ్చిన ఒక పెద్దాయన స్టాండ్ మీద పెద్ద స్కోప్ పెట్టుకుని ఉన్నాడు. మా అవస్థ చూసి ఇది అడిగి తీసుకుని, కంటికి కూడా పెట్టకుండా ముందు లెన్సు చూసి నవ్వినాడు. నిగనిగలాడే ఎర్ర రంగు. ఆ పూత వెలుతుర్లో ఉండే ఎరుపునంతా వెనక్కి కొట్టేస్తుందంట, ఇంక గులాబీ ఎక్కడ కనపడుతుంది? రెండు కనపడేదానికి కారణం గొట్టాలు రెండూ ఒకే దిక్కు చూడకపోవడం, ఎక్కడో కింద పడేసింటారు అన్నాడు. ఆయన మాట్లాడతాంటే నా చెమట చేతికి 8×42 అని ఉన్న స్టిక్కర్ అంచు లేచి తగిలింది. గోరుతో పీకినా. కింద 30×60. తిరునాళ్లలో బొమ్మలంగట్లో వేలాడదీసే సరుకు సార్! నిజంగా 30 రెట్లు పెద్దగా చూపిస్తే చెయ్యి వణుకు కూడా 30 రెట్లు అవుతుంది, స్టాండ్ లేకుండా ఎవడూ చూడలేడు, కాబట్టి ఆ నంబర్ కూడా అబద్ధమే. అబద్ధం మీద అబద్ధం అంటించినారు.

అక్కడి నుంచే ఫోన్ చేసినా. మొదటిసారి కట్ చేసినాడు, రెండోసారి ఎత్తినాడు. "ఏంబ్బా, ఒక పక్షి రెండు కనపడుతోంది" అన్నా. ఏమన్నాడో తెలుసా? "ఒకదాని లెక్కన రెండు కనపడితే లాభమే కదన్నా" అన్నాడు. అని నవ్వినాడు. స్టిక్కర్ సంగతి ఎత్తితే గొంతు మారింది, "కొంగలు చూసేదానికి ఇంతకంటే ఏం కావాల, మీ కడప చెరువుల్లో లేవా కొంగలు, అంత దూరం ఎవరు పొమ్మన్నారు" అని. ఆ తర్వాత ఫోన్ పక్కన పెట్టినాడు గానీ కట్ చేయలా, పక్కన ఎవరికో "కొంగల సారు మళ్లా మొదలుపెట్టినాడురా" అంటాండాడు, నాకు అంతా వినపడుతోంది. మళ్లా ఏంది? అదే మొదటి ఫోన్. అంటే ఇంతకు ముందు ఇంకెవరో కొంగల సారు ఉన్నాడన్నమాట. డబ్బు పోతే పోయింది, పాప పక్కన నిలబడి వింటాండగా ఆ నవ్వు విన్నానే, అదే ఇంకా దిగడం లేదు. సాయంత్రానికి బ్లాక్ చేసినాడు.

మద్రాసు పెద్దాయన పుణ్యమా అని ఆయన స్కోప్‌లో చూసినాం. ఫ్లెమింగో తల కిందులు చేసి వంకర ముక్కును నీళ్లలో తిప్పుతా వడగట్టి తింటుంది, పిల్లవి గులాబీ కాదు, బూడిద రంగులో ఉన్నాయి. మధ్యాహ్నం నేలపట్టులో గూడబాతులు (పెలికాన్లు) నీళ్లలో మునిగిన చెట్ల మీదే గూళ్లు పెట్టుకుని ఉంటే ఉత్త కళ్లతోనే చూసినాం, దానికి ఎవరి జెన్యూన్ పీసూ అక్కర్లేకపోయె.

ఇంటికొచ్చి పాప జామెట్రీ బాక్స్‌లో స్కేల్ తీసి ముందు లెన్సు కొలిస్తే 30 మిల్లీమీటర్లు. 42 అంటే ఆ లెన్సు వెడల్పు 42 మిల్లీమీటర్లు ఉండాల్నని ఆ పొద్దే తెలిసింది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేసినా, బిల్లు ఉందా అన్నారు. స్టేటస్‌లో కొన్నదానికి బిల్లు యాడిది, ఫోన్‌పే స్క్రీన్‌షాట్, చాట్ మాత్రం దాచిపెట్టినా.

కొనేవాళ్లు స్కేల్ పెట్టి కొలవండి, దూరంగా ఉండే సెల్ టవరో గుడి గోపురమో చూస్తా బైనాక్యులర్‌ని మెల్లగా కంటి నుంచి వెనక్కి జరపండి, బొమ్మ రెండుగా చీలితే వద్దని చెప్పేయండి, ఎర్ర లెన్సు అయితే అసలు ముట్టుకోవద్దు. చేతికి తీసుకుని చూడకుండా రూపాయి పంపొద్దు.

ఇంకోటి, మా బామ్మర్దిని ఆయన ఇంకా బ్లాక్ చేయలేదు. ఈ పొద్దు స్టేటస్‌లో నాకు పంపిన ఫోటోనే మళ్లా పెట్టినాడు, కుడి గొట్టం మీద తెల్ల గీత చూసి గుర్తుపట్టొచ్చు. "8×42, లాస్ట్ పీస్, ఐదు వేలు" అంట. ఆ పీస్ మా ఇంట్లో బీరువా మీద ఉంది, కాబట్టి ఆ ఫోటో చూసి ఎవరూ డబ్బు కొట్టొద్దు.