సెగ్గడ్డ లేస్తే ఏ కాలంలో లేవాలి?

'పూర్వం మందులూ మాకులూ లేకపోయినా నూరేళ్లు బతికేవాళ్లు' అనే మాట వినని చెవి ఉండదు. నూరేళ్లు బతికినవాళ్లు అప్పుడూ ఉన్నారు, కాదనను. పసితనంలోనే పోయినవాళ్లు మాత్రం ఎవరి కబుర్లలోకీ రారు. 1800 ప్రాంతంలో ప్రపంచ సగటు ఆయుర్దాయం సుమారు 30 ఏళ్లు. అంటే అందరూ ముప్ఫైకే పోయారని కాదు. పదిమంది పిల్లల్లో నలుగురు ఐదేళ్లు నిండకుండానే పోతే సగటు అలా పడిపోతుంది. ఇప్పుడు అలా పోయేది నూటికి నలుగురి లోపే.

డబ్బుంటే గట్టెక్కేవారా? నేథన్ రోత్‌షీల్డ్ తన కాలపు మహా ధనవంతుల్లో ఒకడు. 1836లో సెగ్గడ్డ చీముపట్టి పోయాడు. 1924లో అమెరికా అధ్యక్షుడు కూలిడ్జ్ కొడుకు, పదహారేళ్లవాడు, సాక్సుల్లేకుండా బూట్లేసుకుని టెన్నిస్ ఆడాడు. కాలివేలి మీద బొబ్బ లేచింది, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది, వారంలో ప్రాణం పోయింది. పెన్సిలిన్ కనిపెట్టింది 1928లో, అది రోగుల దాకా వచ్చింది 1940ల్లో. ఈనాడైతే ఆ గడ్డకు చిన్న గాటు, ఆ బొబ్బకు కొద్దిరోజుల మాత్రలు.

ఇంకో సంగతి, అప్పట్లో వైద్యుడే ప్రమాదం కావచ్చు. 1799లో గొంతువాపుతో పడ్డ జార్జ్ వాషింగ్టన్ ఒంట్లోంచి ఒక్కరోజులో రెండు లీటర్లకు పైగా రక్తం తీశారు. ఆ రాత్రే ఆయన పోయాడు. వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో రెండు వార్డులుండేవి. మంత్రసానుల వార్డులో చేర్చుకోమని గర్భిణులు బతిమాలేవారు, ఎందుకంటే డాక్టర్ల వార్డులో చావులు ఎక్కువ. డాక్టర్లు శవాలను కోసిన చేతులతోనే కాన్పులు చేసేవారు మరి! 1846లో డాక్టర్ల వార్డులో నూటికి 11 మంది తల్లులు చనిపోయారు. 1847లో ఆ ఆసుపత్రి డాక్టరు సెమ్మెల్‌వైస్ క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాడు, మరుసటేడు ఆ లెక్క ఒకరిద్దరికి దిగింది. తోటి వైద్యులు చాలామంది ఆయన మాట నమ్మలేదు, అది వేరే బాధ.

పాతకాలం గెలిచే చోటు నాకు ఒక్కటే కనిపిస్తుంది: చావు ఇంట్లో, నలుగురి మధ్య జరిగేది. ఇప్పుడు గుండెజబ్బో క్యాన్సరో ఏళ్ల తరబడి సాగి, చివరికి ఐసీయూ అద్దాల వెనక గొట్టాల మధ్య ముగుస్తుంది. అయినా ఇంట్లో చావంటే సుఖంగా పోవడమని కాదు. మత్తు ఇచ్చి శస్త్రచికిత్స చేయడం 1846 తర్వాతే వాడుకలోకి వచ్చింది, అంతకుముందు మనిషిని కదలకుండా పట్టుకుని కాలు కోసేవారు.

ఇంటి మంచం, పక్కన అయినవాళ్లు, నొప్పికి మార్ఫిన్. ఇవన్నీ కలిపి ఇచ్చే పాలియేటివ్ కేర్ మన కాలానిదే. అయితే అది అవసరమైనవాళ్లలో నూటికి 14 మందికే అందుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.