పాత మామిడి పోకుండా ఉండాలంటే ఏది మేలు: టెంకా, నర్సరీ అంటా, పంచుకున్న పుల్లా?

మా మేనత్త వాళ్ళ చెలకలో ఒక మామిడి చెట్టుంది, మా తాత బాయికాడి చెట్టు టెంకతో మొలిచింది. తాత చెట్టు కాయ తొక్కుకు పెట్టింది పేరు. గట్టి పులుపు, సన్న పీచు, ఏడాది దాటినా ముక్క మెత్తబడేది కాదు. ఒక మే నెల గాలివానకు ఆ చెట్టు వేళ్ళతో సహా కూలింది. పోతే పోయింది, అత్త దగ్గర దాని పిల్ల ఉంది కదా అనుకున్నాం. తొమ్మిదో ఏట అది కాసింది. చిన్న కాయ, నోటినిండా పీచు, తొక్కు పెడితే దసరా రాకముందే ముక్క కరిగిపోయింది.

కారణం ఏమీ వింత కాదు. మన దగ్గరి రకాల్లో చాలావాటికి టెంకకు ఒకటే మొలక, అది కూడా రెండు పూల కలయికతో పుట్టింది. తల్లి ఏదో మనకు తెలుసు, తండ్రి పుప్పొడి ఏ చేను నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. కేరళ వైపు ఓలూరు లాంటి కొన్ని రకాలకు ఒక్క టెంకలోనే నాలుగైదు మొలకలొస్తాయి, వాటిలో ఎక్కువ తల్లి పోలికే ఉంటుంది, మన నాటు మామిడికి ఆ ఆశ పెట్టుకోవద్దు. కాబట్టి ఫలానా చెట్టు కాయే మళ్ళీ కావాలనుకునేవాళ్ళు టెంక మీద ఆధారపడకండి. టెంకకు ఇంకో గొప్ప గుణం ఉంది, అది కింద చెప్తాను.

నర్సరీ అంటు, అంటే టెంక మొక్క మీద మంచి చెట్టు కొమ్మ అతికించి పెంచిన మొక్క, దాని సంగతి తొందరగా చెప్పేస్తా. ఐదు పదెకరాల్లో తోట వేసి జగిత్యాలకో వరంగల్‌కో కాయ పంపాలనుకుంటే బంగినపల్లి, దశేరి, హిమాయత్ అంట్లే కొనండి, నాలుగైదేళ్ళకు కాపు మొదలవుతుంది, అన్ని చెట్ల కాయా ఒకేలా ఉంటుంది, వ్యాపారికి కావాల్సింది అదే. కాకపోతే మన ఊరి చెట్టు అక్కడ దొరకదు. నేను ఒకచోట నాటు రసం అని చెప్తే నమ్మి ఆరు మొక్కలు తెచ్చి నాటాను, నాలుగేళ్ళు నీళ్ళు పోశాక కాసింది తోతాపురి. అప్పటి నుంచి తల్లి చెట్టు చూపించనిదే ఎక్కడా మొక్క కొనడం లేదు. ఇంకోటి, కవర్లో ఏళ్ళ తరబడి ఉన్న అంటుకు తల్లివేరు అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటుంది. అలాంటిది ఎర్రచెలకలో నాటితే ఎండాకాలం మూడు నాలుగేళ్ళు నీళ్ళు మోయాల్సిందే.

అసలు ఆలోచించాల్సింది దీని తర్వాతది. ఊళ్ళో పాత చెట్టును పది చోట్లకు చేర్చాలంటే అంటు మొక్కలు కట్టి పంచాలా, పుల్లలు, అంటే అంటు కట్టడానికి ఆ చెట్టు నుంచి కోసిన కొమ్మ చివరలు పంచి ఎవరి చెలకలో వాళ్ళను కట్టుకోమనాలా?

నేను రెండూ చేశాను. మొదటి ఏడాది మా చెరువుకట్ట మీది కొబ్బరి మామిడి నుంచి ఇంటి దగ్గర అంట్లు కట్టి బంధువులకు పంచాను. తీసుకునేవాళ్ళకు సులువే, గుంత తీసి పెడితే చాలు. కానీ మొక్కలు పెంచడం, మోయడం, దారిలో మట్టిగడ్డ విరగకుండా చూడటం అన్నీ ఒక్కరి మీదే పడతాయి, పది మొక్కలకే ఆటో కావాలి. నాటిన రెండో ఎండాకాలానికి సగం ఎండిపోయాయి. పుల్లలైతే యాభై కలిపినా ఒక చేతిసంచిలో పడతాయి. టెంకకు గొప్ప గుణం ఉందన్నానే, అది ఇక్కడ అక్కరకొస్తుంది. చెట్టు ఎక్కడ ఉండాలో అక్కడే టెంక పెడితే తల్లివేరు అడ్డు లేకుండా నిట్టనిలువుగా లోపలికి దిగుతుంది. ఏడాదికి కాండం పెన్సిల్ లావైతే దాని మీదే పుల్ల కట్టాలి. వేరు టెంకది, కాయ తాత చెట్టుది. నీళ్ళు తక్కువున్న మన చెలకలకు ఇంతకన్నా మంచి దారి నాకు కనపడలేదు, అందుకే పుల్లకే నా ఓటు.

ఎలా కట్టాలన్న దాంట్లో కూడా ఒకటి ఎంచుకోవాలి. స్టోన్ గ్రాఫ్టింగ్ అని ఒకటుంది, మొలిచి పది పదిహేను రోజులైన, ఆకులు ఇంకా రాగిరంగులో ఉన్న మొలకకు కడతారు. నర్సరీవాళ్ళకు అది లాభం, తక్కువ జాగాలో వేలు కట్టొచ్చు. కానీ మొలక లేత, గాలిలో తేమ బాగా ఉండాలి, చేయి తిరగనివాళ్ళకు చీలికలోనే విరిగిపోతుంది. చెలకలో కట్టేవాళ్ళకు ఏడాది మొక్క తల కోసి, నడుమ చీల్చి, రెండువైపులా ఏటవాలుగా చెక్కిన పుల్ల దింపి కట్టే వెడ్జ్ పద్ధతి మేలు. బెరడు కింది పచ్చపొర కనీసం ఒక పక్కనైనా కలవాలి, మొత్తం కిటుకు అదే. పాలిథీన్ పట్టీతో గట్టిగా చుట్టి, పైన సన్న కవరు తొడిగి, ఎండ పడకుండా టేకాకు కట్టండి. మూడు నాలుగు వారాలకు చిగురు వస్తుంది. ఈలోపు అతుకు కింది నుంచి వచ్చే చిగుళ్ళను గిల్లుతూ ఉండాలి, వదిలేస్తే పుల్ల ఎండి టెంక మొక్కే పెరుగుతుంది, మీరు మాత్రం అది తాత చెట్టే అనుకుని ఏళ్ళు పెంచుతారు.

చెట్టు ఒక్కటే మిగిలి, అది కూడా ఇవాళో రేపో అన్నట్టుంటే మాత్రం పాతవాళ్ళ పద్ధతికి వెళ్ళండి. కుండీలో టెంక మొక్కను చెట్టు దగ్గరికే తీసుకుపోయి, కొమ్మను కోయకుండానే రెండింటి బెరడు చెక్కి ఆనించి కట్టి, రెండు మూడు నెలలకు కలిశాక వేరు చేసేవాళ్ళు. మంచె కట్టాలి, రోజూ నీళ్ళు పోయాలి, ఒక సీజన్‌లో కొన్నే అవుతాయి. అయినా కొమ్మకు తల్లి చెట్టు నుంచి సారం అందుతూనే ఉంటుంది కాబట్టి తప్పిపోయేది చాలా తక్కువ.

పుల్ల పంచేవాళ్ళు ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మొదటిసారి నేను హన్మకొండ అవతల ఒక స్నేహితుడి చేనులో ఆకులతోనే కొమ్మలు కోసి, మధ్యాహ్నం ఎండలో బండికి కట్టుకుని తెచ్చాను, ఒక్కటీ పట్టలేదు. పూత రాని, మూడు నాలుగు నెలల వయసున్న కొమ్మ చివరలు చూసుకుని, కోయడానికి వారం పది రోజుల ముందు చెట్టు మీదే ఆకులు తుంచి తొడిమలు వదలాలి. తొడిమలు రాలే నాటికి కొన మొగ్గ ఉబ్బుతుంది, అప్పుడు పొద్దున్నే జానెడు పొడవుకు కోసి తడిగుడ్డలో చుట్టి కవర్లో పెట్టి ఇవ్వండి, రెండు మూడు రోజుల్లో కట్టేయాలి. బాగా ముసలి చెట్టుకు చివరలు సన్నబడి ఉంటాయి, ముందు ఏడాదే రెండు కొమ్మలు నరికితే బలమైన చిగుళ్ళు వస్తాయి. పిండినల్లి, పొలుసు పురుగు, జిగురు కారడం ఉన్న కొమ్మ అసలు ఇవ్వొద్దు, కత్తిని చెట్టు చెట్టుకూ స్పిరిట్‌తో తుడవండి.

బత్తాయి, నిమ్మలకు మాత్రం ఈ పంచుకోవడం వద్దు. ట్రిస్టెజా, గ్రీనింగ్ తెగుళ్ళు పైకి కనపడకుండానే అంటు ద్వారా పోతాయి, ఒక్క పుల్లతో ఊరి తోటలన్నీ దెబ్బతినొచ్చు. వాటికి పరీక్షించిన మొక్కలే కొనాలి.

చట్టం ఏమంటుందోనని కొందరికి టెన్షన్ ఉంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం రైతులు విత్తనం దాచుకోవడానికి, పంచుకోవడానికి, మార్చుకోవడానికి హక్కు ఇచ్చింది, అందులో విత్తనం అంటే మొక్క తిరిగి పెరగగల ఏ భాగమైనా అని ఉంది. రైతులు కాపాడిన పాత రకాన్ని రిజిస్టర్ కూడా చేయించుకోవచ్చు. సంగారెడ్డి పండ్ల పరిశోధనా కేంద్రంలో వందలాది మామిడి రకాలున్నాయి, కానీ మా చెరువుకట్ట చెట్టును ఎవరో వచ్చి తీసుకుపోతారని ఎదురుచూస్తే తాత చెట్టుకు జరిగిందే దీనికీ జరుగుతుంది.

అత్త చెలకలోని ఆ పీచుకాయ చెట్టును కొట్టేయలేదు. పోయినేడు చలికాలంలో ఒక పక్క కొమ్మ నరికి మోడు చేశాం, మిరుగు వానలకు దాని నుంచి చిగుళ్ళు లేస్తే నాలుగింటికి కొబ్బరి మామిడి పుల్లలు కట్టాం, మూడు పట్టాయి. ఇప్పుడు ఆ కొమ్మ ఆకు వేరే, మిగతా చెట్టు ఆకు వేరే. ఈసారి ఇంకో రెండు కొమ్మలున్నాయి, పునర్వసు కార్తెలో కట్టాలని నిన్న సాయంత్రం చెరువుకట్ట మీద ఆకులు తుంచి వచ్చాం.