చిప్ కిట్ సమీక్ష: తిరుపతి ల్యాబుల్లో వాడేవారికి

ఆర్‌టీ-పీసీఆర్‌లో ఎంఆర్ఎన్ఏ (జన్యువు నుంచి తీసిన నకలు) పెరిగిందని కనబడగానే, ఆ జన్యువు ప్రోమోటర్ మీద, అంటే నకలు తీయడం మొదలయ్యే చోట, ఫలానా ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ (జన్యువును నడిపించే ప్రోటీన్) కూర్చుందని రాసేస్తున్న థీసిస్‌లు చాలానే ఉన్నాయి. ఎంఆర్ఎన్ఏ విరిగిపోవడం నెమ్మదించినా ఆ సంఖ్య పెరుగుతుంది. ఫ్యాక్టర్ అక్కడ నిజంగా ఉందా లేదా అన్నది చిప్ లాంటి పరీక్షతోనే తేలుతుంది. చిప్ అంటే క్రోమాటిన్ ఇమ్యునోప్రెసిపిటేషన్: ప్రోటీన్లను డీఎన్ఏకు అతికించి, డీఎన్ఏను ముక్కలు చేసి, కావలసిన ప్రోటీన్‌ను యాంటీబాడీతో పట్టి దాని వెంట వచ్చే ముక్కలను చూడడం. సోనికేటర్ (శబ్ద తరంగాలతో డీఎన్ఏను ముక్కలు చేసే యంత్రం) లేని ల్యాబులకు మైక్రోకాకల్ న్యూక్లియేజ్ అనే ఎంజైమ్‌తో డీఎన్ఏను కోసి మాగ్నెటిక్ బీడ్లతో పట్టే కిట్లు దొరుకుతున్నాయి. ఏ కంపెనీది కొన్నా లోపలి రసాయనం దాదాపు ఒకటే. దుడ్లకు తగ్గ సరుకే. అయితే కిట్‌తో వచ్చే పుస్తకం చల్లటి ల్యాబును మనసులో పెట్టుకుని రాసింది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా తిరుపతిలో దాన్ని అక్షరాలా పాటిస్తే పని చెడుతుంది.

మొదటి చిక్కు ప్రోటీన్లను డీఎన్ఏకు అతికించే ఫార్మాల్డిహైడ్ దగ్గరే వస్తుంది. 10 మి.లీ. మీడియంలో 37 శాతం ద్రావణం 270 మైక్రోలీటర్లు పోస్తే సుమారు 1 శాతం అవుతుంది. రూమ్ టెంపరేచర్‌లో 10 నిమిషాలు ఉంచమంటారు. రూమ్ టెంపరేచర్ అంటే వాళ్ల లెక్కలో 20 నుంచి 25 డిగ్రీలు. ఏసీ లేని గదిలో మే నెల మధ్యాహ్నం 35 డిగ్రీలుంటుంది. ఆ వేడిలో ప్రోటీన్లు డీఎన్ఏకు మరీ గట్టిగా అతుక్కుంటాయి. అప్పుడు ఎంజైమ్ లోపలికి పోలేదు, యాంటీబాడీ పట్టుకోవాల్సిన చోటు కూడా మూసుకుపోతుంది. ఏసీ గదిలో చేయండి, లేదా పొద్దున్నే ముగించండి. 10 నిమిషాలు కాగానే అతుకు ఆగడానికి 1.25 మోలార్ గ్లైసిన్ 1 మి.లీ. పోసి 5 నిమిషాలు ఉంచండి. అడుగున తెల్లటి మడ్డి చేరిన పాత ఫార్మాల్డిహైడ్ సీసా మాత్రం వాడొద్దు. అది పాలిమర్‌గా మారిపోయింది కాబట్టి అందులో అసలు గాఢత ఎంతో లెక్క తేలదు.

కిట్ తలరాత తేలేది కోత దగ్గర. న్యూక్లియోసోమ్‌లో హిస్టోన్లు అనే ప్రోటీన్ల గుండు చుట్టూ 147 బేస్ జతల డీఎన్ఏ చుట్టుకుని ఉంటుంది. ఎంజైమ్ రెండు గుండ్ల మధ్యనున్న డీఎన్ఏను, అంటే లింకర్‌ను, కోస్తుంది. 37 డిగ్రీల్లో 20 నిమిషాలు, నాలుగైదు నిమిషాలకోసారి ట్యూబును తిప్పుతుండాలి. ఈ ఎంజైమ్ కాల్షియం లేనిదే పనిచేయదు, అందుకే కాల్షియాన్ని పట్టేసే ఈడీటీఏ పోసి ఆపుతారు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: ట్యూబులను ముందు ఐస్ మీద పెట్టి, తర్వాత ఈడీటీఏ కోసం వెతుక్కోవడం. ఐస్ మీద కోత నెమ్మదిస్తుందే కానీ వెంటనే ఆగదు, ఆ రెండు మూడు నిమిషాలూ సాగుతూనే ఉంటుంది. ఈడీటీఏను పిపెట్‌లోకి తీసుకుని సిద్ధంగా పెట్టుకున్నాకే ట్యూబును వాటర్‌బాత్ నుంచి తీయండి.

ఎంజైమ్ ఎంత పోయాలన్నది కణాల రకాన్ని బట్టి మారుతుంది. పలచన చేసిన ఎంజైమ్‌ను 0, 2.5, 5, 7.5, 10 మైక్రోలీటర్లుగా అయిదు ట్యూబుల్లో పోసి 1 శాతం జెల్ మీద నడిపి చూడండి. 150 నుంచి 900 బేస్ జతల దాకా మెట్లు మెట్లుగా పట్టీలు రావాలి. అంతా 150 దగ్గరే పోగుపడితే కోత ఎక్కువైనట్టు. పైన మందంగా నిలిచిపోతే తక్కువైనట్టు, అలాంటప్పుడు పక్క ప్రాంతాల డీఎన్ఏ కూడా వెంట వచ్చి మీ ప్రోమోటర్‌దిగా కనబడుతుంది. ఈ పరీక్షకు పోయే ఎంజైమ్ దండగ అనుకునేవాళ్లు తర్వాత మొత్తం కిట్టునే పోగొట్టుకుంటారు.

హిస్టోన్ గుర్తులకు, అంటే హిస్టోన్ల మీద చేరే చిన్న రసాయన గుర్తులకు, ఈ కిట్ చాలా బాగుంది. చురుకైన ప్రోమోటర్ల మీది హెచ్3కే4ఎంఈ3, ఎన్‌హాన్సర్ల (జన్యువు పనిని దూరం నుంచి పెంచే డీఎన్ఏ భాగాలు) మీది హెచ్3కే27ఏసీ స్పష్టంగా వస్తాయి. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ల విషయంలో అంత మెచ్చుకోలేం. అవి ఎక్కువగా కూర్చునేది లింకర్ మీదే, ఎంజైమ్ తినేదీ లింకర్‌నే. వాటికోసం కోత కొంచెం తక్కువ ఉంచండి. వీలైతే ఎక్కడైనా సోనికేటర్ అడిగి చూడండి.

పెట్టెలో వచ్చే యాంటీబాడీలు కంట్రోళ్లకే: హిస్టోన్ హెచ్3ని పట్టేది, దేన్నీ ప్రత్యేకంగా పట్టని మామూలు ఐజీజీ. మీకు కావలసింది విడిగా కొనాలి, అదీ చిప్‌లో పరీక్షించినదై ఉండాలి. వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను జెల్ మీద విడదీసి చూసే పరీక్ష) బాగా పనిచేసింది ఇక్కడ మూగబోవచ్చు. జన్యువు నుంచి ఎంఆర్ఎన్ఏ తయారుచేసే ఎంజైమ్ ఆర్ఎన్ఏ పాలిమరేజ్ 2 కోసమైతే ఇంకా జాగ్రత్త. మానవ కణాల్లో దాని తోకలో ఏడు అమైనో ఆమ్లాల వరుస 52 సార్లు పునరావృతమవుతుంది. జన్యువు మొదట్లో ఆ వరుసలోని అయిదో స్థానపు సెరిన్ (సెరిన్ 5) మీద, ముందుకు సాగేకొద్దీ రెండో స్థానపు సెరిన్ (సెరిన్ 2) మీద ఫాస్ఫేట్లు ఎక్కువవుతాయి. పాలిమరేజ్ చాలా జన్యువుల్లో మొదలైన 20 నుంచి 60 న్యూక్లియోటైడ్లకే ఆగి నిలబడుతుంది. కాబట్టి ప్రోమోటర్ దగ్గర సిగ్నల్ వచ్చినంత మాత్రాన జన్యువు నడుస్తోందని అర్థం కాదు. సెరిన్ 2 యాంటీబాడీతో జన్యువు నడిబొడ్డున కూడా చూడాలి.

కిట్‌ను నమ్మొచ్చో లేదో తేల్చుకోవడానికి మంచి పరీక్ష హీలా కణాలను (ల్యాబుల్లో పెంచే మానవ కణాలు) 42 డిగ్రీల్లో అరగంట ఉంచి, హెచ్ఎస్‌పీ70 జన్యువు ప్రోమోటర్ మీద వేడికి స్పందించే ఫ్యాక్టర్ హెచ్ఎస్ఎఫ్1 చూడడం. 37లో ఉంచిన కణాలతో పోలిస్తే తేడా కొట్టొచ్చినట్టు రావాలి.

లెక్క సులువే. యాంటీబాడీ కలపకముందే పక్కన తీసి పెట్టిన 2 శాతం ఇన్‌పుట్ సీటీ (పీసీఆర్‌లో సిగ్నల్ కనబడే చక్రం; ఒక చక్రం ఆలస్యమైతే డీఎన్ఏ సగమని అర్థం) 25, మీ నమూనా 26 అయితే ఫలితం 1 శాతం. ఐజీజీ 32 వస్తే మీ సిగ్నల్ దానికి 64 రెట్లు. ప్రైమర్లు 80 నుంచి 160 బేస్ జతల ముక్కనిచ్చేలా ఉండాలి, అంతకన్నా పొడవైతే కోసిన ముక్కల్లో అది పూర్తిగా ఉండదు.

కరెంటు పోతే రాత్రంతా యాంటీబాడీతో తిరిగే దశలో పెద్ద నష్టం లేదు, ట్యూబులు ఫ్రిజ్‌లో చల్లగా ఉంటే చాలు. బీడ్లు కలిపాక ఉండే 2 గంటలు మాత్రం రొటేటర్ ఆగకూడదు, బీడ్లు అడుక్కి దిగిపోతాయి.

ఆర్డర్ చేసేటప్పుడు పార్సిల్ సోమ, మంగళవారాల్లో చేరేలా చూసుకోండి. శుక్రవారం సాయంత్రం వస్తే ఆదివారం దాటేదాకా తెరిచే దిక్కుండదు. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ ముందూ వెనకా రోజులు అసలే వద్దు, ఊళ్లోకి బండి రావడమే కష్టం. రాగానే విడదీయండి: ఎంజైము, ప్రోటీనేజ్ కె మైనస్ 20కి, బీడ్లు 4 డిగ్రీలకు. పెట్టె మొత్తాన్నీ అలాగే ఫ్రీజర్‌లో తోసేస్తే బీడ్లు గడ్డకట్టి పాడవుతాయి, తర్వాత ఐజీజీ ట్యూబులో కూడా డీఎన్ఏ కనబడుతుంది.