శంకు నత్తల సెట్టు కొనబోయేవారు ముందు దాన్ని తిప్పి చూపించమనండి

గవ్వలు, కర్పరాలు (నత్తల పెంకులు) సేకరించే మనవాళ్లలో చాలామందికి ఆ అమ్మకందారు తెలుసు కాబట్టి పేరు రాయడం లేదు. ‘చీటీలతో సహా 20 కోనస్ జాతులు, కళాశాల ప్రయోగశాలలకు ప్రత్యేకం’ అని నెలనెలా ప్రకటన పెట్టే ఆయనే. కోనస్ అంటే శంకు నత్తలే, విషపు పన్నుతో వేటాడే సముద్రపు నత్తలు. మొన్న శనివారం పెట్టె నల్గొండలోని మా కళాశాలకు వచ్చింది, నిన్న ఆయనతో ఫోన్‌లో మాట్లాడాను, కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

నేను డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధిస్తాను. మా పిల్లల్లో ఎక్కువమంది దేవరకొండ, మునుగోడు వైపు ఊళ్ల నుంచి వచ్చేవారు. వారికి నత్త అంటే చెరువులో దొరికే పైలా, సముద్రమంటే ఫోన్‌లో కనిపించేది. ప్రయోగశాలలో ఉన్న ఒకే ఒక్క శంకు నత్త కర్పరం మీది పేరు పట్టీ ఊడిపోయి ఏళ్లవుతోంది. అందుకని సొంత డబ్బు 6,500 రూపాయలు ముందుగానే యూపీఐ చేశాను. ప్రకటనలోని ఫొటోలో కర్పరాలన్నీ బోర్లా ఉన్నాయి, ఒక్కదానికైనా ముఖద్వారం, అంటే నత్త బయటికి వచ్చే నోరు, కనిపించలేదు. ముఖద్వారం చూడకుండా పేరు చెప్పవద్దని ప్రతి ఏటా తరగతిలో చెప్పేవాణ్ణి నేనే.

పెట్టె తెరవగానే నూనె వాసన వచ్చింది. మొదట చేతికి వచ్చినదాన్ని వెల్లకిలా తిప్పాను. ముఖద్వారం లోపల నారింజ ఎరుపు, లోపలి అంచు వెంట కాటుక దిద్దినట్టు నల్లని చార, బయటి పెదవి కింది కొస దగ్గర చిన్న నొక్కు. ఆ నొక్కు స్ట్రాంబస్ అనే వేరే నత్తల కుటుంబపు గుర్తు. అది లుహువానస్ అనే జీవి. బోర్లా పెడితే అచ్చం శంకు నత్తలా ఉంటుంది గానీ దానికి విషమూ లేదు, విషపు పన్నూ లేదు, నాచు మేసి బతుకుతుంది. దాని మీద కోనస్ అని ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీ. అలాంటివి ఒకటి కాదు, రెండు. పక్కనే నిలబడ్డ మా అటెండర్ ఒకటి అటూ ఇటూ తిప్పి చూసి, “సార్, గివి పచ్చీసాటకన్న పనికొస్తయా?” అన్నాడు.

లిటరేటస్, లెపర్డస్ అనే రెండు కోనస్ జాతుల చీటీలు తారుమారయ్యాయి. రెండూ తెల్లని ఒంటి మీద నల్లచుక్కలతో ఉండే బరువైన కర్పరాలే, శిఖరం (చుట్లు తిరిగిన పైభాగం) రెండింటికీ చదునే. కానీ లిటరేటస్ కింది మొన ముదురు ఊదాగోధుమ రంగులో మునిగినట్టు ఉంటుంది, లెపర్డస్ మొన తెల్లగానే ఉంటుంది. ఇది పొరపాటేనని అప్పటికి సరిపెట్టుకున్నాను.

తరువాత కనిపించినదాన్ని మాత్రం పొరపాటు అనలేను. ఐదో గడిలో ‘కోనస్ టెక్స్‌టైల్’, పద్నాలుగో గడిలో ‘సిలిండర్ టెక్స్‌టైల్’. రెండు కర్పరాల మీదా అవే గుడారాల వంటి తెల్లని త్రికోణాలు, అదే గుండ్రని భుజం. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ పేరు పెట్టిన ఒకే జాతిని రెండు జాతులుగా లెక్కగట్టి ఈ అమ్మకందారు నాకు అమ్మాడు. ఈ రెండో పేరు ఊడిపడినదేమీ కాదు. 2009లో టక్కర్, టెనోరియో అనే ఇద్దరు పరిశోధకులు శంకు నత్తలను మూడు కుటుంబాలుగా, ఎనభైకి పైగా ప్రజాతులుగా (దగ్గరి జాతుల గుంపులుగా) విడదీసినప్పుడు టెక్స్‌టైల్ ‘సిలిండర్’ ప్రజాతిలోకి, జియోగ్రాఫస్ అనే మరో జాతి ‘గాస్ట్రిడియం’లోకి వెళ్లాయి, 2014లో పుయియాంద్ర్ బృందం మైటోకాండ్రియా జన్యువులను పోల్చి చూసి ఒకే కుటుంబం, నాలుగు ప్రజాతులు చాలని తేల్చడంతో అవి కోనస్‌కే తిరిగివచ్చాయి, సిలిండర్ ఉపప్రజాతిగా మిగిలింది. ఏ పద్ధతి పాటించినా నాకు అభ్యంతరం లేదు, కానీ ఒకే పెట్టెలో రెండూ పాటించి రెండింటికీ డబ్బు తీసుకోవడం ఏ వర్గీకరణ శాస్త్రమో ఆయనే చెప్పాలి.

అసలు భయపెట్టింది తొమ్మిదో గడి. చీటీ మీద జియోగ్రాఫస్ అని ఉంది. మనుషుల ప్రాణాలు తీసినట్టు నమోదైన శంకు నత్త అది. దాని విషానికి విరుగుడు మందు లేదు. దాని కర్పరం పలుచగా, తేలికగా ఉంటుంది, ముఖద్వారం కిందికి వచ్చేకొద్దీ వెడల్పవుతుంది, భుజం మీద చిన్నచిన్న బుడిపెలుంటాయి. చేపను అమాంతం కప్పేసి మింగే జీవికి అలాంటి నోరే కావాలి. గడిలో ఉన్నదేమో చేతిలో రాయిలా బరువు తూగే, సన్నని నోరున్న, గోధుమరంగు మీద దారాలు చుట్టినట్టు గీతలున్న ఫిగులినస్ అనే వేరే కోనస్ జాతి. అదే ఫిగులినస్ పదహారో గడిలో సొంత పేరుతోనూ ఉంది! ఈ చీటీని నమ్మి చదువుకున్న పిల్ల రేపు విహారయాత్రకని రామేశ్వరం వెళ్లి, నీళ్లలో అందంగా, తేలికగా కనిపించిన నత్తను ‘ఇది జియోగ్రాఫస్ కాదులే’ అని గుప్పిట్లో పట్టుకుంటే బాధ్యత ఎవరిది? అన్ని చీటీల మీదా దొరికిన చోటు ‘ఇండో-పసిఫిక్’ అనే ఉంది. నల్గొండ చిరునామా అడిగితే ఆసియా అని చెప్పినట్టు.

లెక్క తేలేసరికి 20 జాతులు 16 అయ్యాయి. నిన్న ఫోన్ చేసి ఒక్కొక్కటీ మర్యాదగానే వివరించాను. “సార్, అన్నీ శంకులే కదా, పేరు ఏదైతే ఏముంది?” అన్నాడు. టెక్స్‌టైల్ సంగతి ఎత్తితే, “సైంటిస్టులే ఒక మాట మీద లేరు, నన్నంటే ఎలా?” అన్నాడు. లుహువానస్ గురించి అడగగానే కాసేపు మాట రాలేదు. ఆ తరువాత నవ్వాడు. “మీది నల్గొండ కదండీ? అక్కడికి సముద్రం ఎన్ని కిలోమీటర్లు? చెరువు నత్తలు చూసుకునే మీరు మాకు సముద్రపు నత్తల పేర్లు నేర్పిస్తారా?” నాకు నోట మాట రాలేదు. “పెట్టె విప్పేటప్పుడు వీడియో తీశారా? తియ్యలేదు కదా, మరింకేం,” అని ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

ఆ నవ్వు ఇంకా చెవిలోనే ఉంది. డబ్బు పోయినందుకు కాదు గానీ, ఆ ప్రశ్నకు అప్పుడే జవాబు చెప్పలేకపోయినందుకు రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున తట్టింది: కోనస్ అని పేరు పెట్టిన లినేయస్ హిందూ మహాసముద్రాన్ని ఏనాడూ చూడలేదు. స్వీడన్‌లో కూర్చుని, ఓడలు మోసుకొచ్చిన కర్పరాలను తిప్పి చూసి పేర్లు పెట్టాడు. ఆయన దగ్గర ఈ అమ్మకందారు ఉండి ఉంటే ఏమనేవాడో!

ఇంకొకటి చెప్పడం మరిచాను. చివరి గడిలో ‘మిల్నెఎడ్వర్డ్సి’ అని చీటీ ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న శంకు నత్త అది, దాన్ని అమ్మడమే నేరం. ప్రకటనలో జాతుల జాబితా లేదు, నేను అడగనూ లేదు. గుండె దడదడలాడుతూ తీసి చూస్తే, తమిళనాడు తీరంలో మామూలుగా దొరికే అమాడిస్: శిఖరంలో మొన ఒక్కటే సూదిలా పైకి లేచి ఉంది, అసలుదానికైతే శిఖరం మొత్తం మెట్లు మెట్లుగా ఎత్తుగా ఉండాలి. ఆయన మోసం చేశాడు కాబట్టి నేను చట్టం నుంచి బయటపడ్డాను. ఈ ఒక్కదానికి ఆయనకు కృతజ్ఞతలు చెప్పుకోవాలేమో.

కొనేవారు కర్పరాన్ని రెండు వైపులా ఫొటో తీసి పంపమనండి, జాతుల జాబితా, ఏ తీరంలో దొరికిందో రాసివ్వమనండి, పెట్టెను వీడియో తీస్తూ విప్పండి. ఈ ఉదయం చూస్తే ప్రకటన అలాగే ఉంది, ధర ఐదు వందలు పెరిగింది, ఫొటో మారలేదు. రెండో వరుసలో ఎడమ నుంచి మూడోది, మిగతావాటికన్నా కాస్త లావుగా బోర్లా పడుకున్నది, లుహువానస్.