హెడ్‌లైట్ పాలిష్ కిట్: అసలు పరీక్ష ఎండలోనే

హెడ్‌లైట్ల మీది గీతలు, మసక పోగొట్టే కిట్ ఒకటి నా దగ్గర చేరి రెండు వేసవులు దాటాయి. అందులో ఉన్నవి 1000, 2000, 3000 నంబర్ల శాండ్‌పేపర్లు (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది), డ్రిల్‌కు బిగించే స్పాంజి, చిన్న ట్యూబులో పాలిష్ క్రీము, చివర్లో రుద్దడానికి సీలెంట్‌లో, అంటే పైన రక్షణ పూతగా నిలిచే ద్రవంలో, తడిపిన గుడ్డ. మొదటి రోజు మెరుపు చూసి రాసి ఉంటే అయిదు నక్షత్రాలూ ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు మూడే ఇస్తాను. తగ్గిన రెండూ ఆ గుడ్డ పుణ్యమే.

హెడ్‌లైట్‌కు ముందు గాజులా కనిపించే కవరు పాలీకార్బనేట్ అనే ప్లాస్టిక్. రాయి తగిలినా అంత తేలిగ్గా పగలదు గాని తొందరగా గీసుకుపోతుంది, ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాలకు పసుపెక్కుతుంది. అందుకే తయారీలోనే దానిపై గట్టి పూత వేస్తారు. శాండ్‌పేపర్ పెట్టామంటే గీతతో పాటు ఆ పూతనూ గీకేస్తున్నామన్నమాట. కాబట్టి ముందు గీతకు అడ్డంగా గోరు పెట్టి లాగి చూడండి. గోటికి తగలకపోతే శాండ్‌పేపర్ జోలికి పోవద్దు. మైక్రోఫైబర్ గుడ్డ మీద కాస్త క్రీము వేసి చేత్తో రుద్దితే అలాంటి సన్నని గీతలు చాలావరకు కనబడకుండా పోతాయి. క్రీము విషయంలో ఈ కిట్‌కు వంక పెట్టలేను.

నా దీపాలకు పసుపు కూడా పట్టింది కాబట్టి రెండింటికీ పూర్తి పని చేశాను. చుట్టూ రంగుకు గీతలు పడకుండా మాస్కింగ్ టేప్ రెండు వరసలు వేశాను. కాగితాన్ని షాంపూ చుక్క కలిపిన నీళ్లలో తడుపుతూ ఒక నంబరు అడ్డంగా, తరువాతిది నిలువుగా రుద్దాలి. ముందటి నంబరు గీతలు పూర్తిగా పోయాకే తరువాతి దానికి వెళ్లాలి. ఇక్కడ తొందరపడితే పాలిష్ చేశాక ఆ గీతలే మెరుస్తూ వెక్కిరిస్తాయి. మధ్యలో దీపం పాలలా తెల్లబడుతుంది, కంగారు అక్కర్లేదు. డ్రిల్ మాత్రం నెమ్మదిగా తిరగాలి, ఒకేచోట ఆగకూడదు. వేడికి ప్లాస్టిక్ కమిలిపోతుంది.

ఇక అసలు తేడా. ఎడమ దీపానికి కిట్‌లోని గుడ్డే రుద్దాను. కుడిదానికి యూవీ రక్షణ ఉన్న క్లియర్ కోట్ (పారదర్శక పూత) స్ప్రే విడిగా తెచ్చి, దీపాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పలుచగా పొరలు పొరలుగా కొట్టాను. తరువాతి వేసవి ముగిసేలోపే ఎడమది మళ్లీ మసకబారింది. కుడిది ఇప్పటికీ తేటగా ఉంది. పూతలో ఒక దుమ్ము రేణువు చిక్కుకుంది, దగ్గరికి వెళ్లి చూస్తే తప్ప తెలియదు. అయితే పూతను గట్టిపరిచే ద్రావణం కలిసిన రెండు భాగాల స్ప్రేలలో ఐసోసయనేట్లనే రసాయనాలు ఉంటాయి, వాటిని పీల్చడం ప్రమాదం. తగిన రెస్పిరేటర్, చేతి తొడుగులు లేకుండా వాటిని ముట్టుకోవద్దు.

టూత్‌పేస్టు చిట్కా పూర్తిగా అబద్ధం కాదు, అందులోనూ సన్నని గరుకు పొడి ఉంటుంది. కానీ ఎండను ఆపే గుణం దానికి లేదు కాబట్టి మెరుపు నిలవదు. దోమల మందు రుద్దమనే వాళ్ల మాట మాత్రం వినకండి. అందులోని డీట్ అనే రసాయనం పాలీకార్బనేట్ పైపొరను మెత్తబరుస్తుంది. మొదట మెరిసినట్టు కనిపించినా అది మరమ్మతు కాదు, ఇంకో రకం నష్టం.

ఇదే కిట్ మళ్లీ కొనను. శాండ్‌పేపర్లు, క్రీము, స్ప్రే విడివిడిగా తెచ్చుకుంటాను. తడి, మసక కవరు లోపలివైపు ఉన్నా, ప్లాస్టిక్ లోతుల్లోనే సాలెగూడులాంటి పగుళ్లు కనిపిస్తున్నా వీటిలో ఏదీ కొనకండి. పైనుంచి ఎంత రుద్దినా అవి పోవు.